ఖండం అంటే ముక్క: చిన్నపిల్లలకు రెండు భాషల్లో ప్రపంచాన్ని చెప్పడం

ఆరేళ్ల పిల్లాడు ఒకడు గ్లోబు ముందు నిలబడి అడిగాడు: "టీచర్, మనం ఊళ్లో ఉన్నామా, ఖండంలో ఉన్నామా?"

వాడికి ఏడు ఖండాల పేర్లూ వచ్చు. తెలుగులో వచ్చు, ఇంగ్లీషులోనూ వచ్చు. రెండు వారాలుగా నేనే వల్లె వేయించాను. ఆ ప్రశ్న విన్నాక అర్థమైంది, వాడి దృష్టిలో ఖండాలంటే ఎక్కడో దూరంగా ఉండే చోట్లు. మనం ఊళ్లో ఉంటాం, ఖండంలో వేరేవాళ్లు ఉంటారు.

తర్వాత చదివితే తెలిసింది, ఇది మా తరగతి సమస్య ఒక్కటే కాదు. పియాజే అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త, తన సహచరురాలితో కలిసి 1951లో ప్రచురించిన పరిశోధనలో జెనీవా పిల్లల్ని ఇలాంటి ప్రశ్నే అడిగాడు. జెనీవావాళ్లం అయితే స్విట్జర్లాండువాళ్లం ఎలా అవుతాం, రెండూ ఒకేసారి కుదరవు కదా అన్నారు చిన్నపిల్లలు. ఒకటి ఇంకోదాని లోపల ఉండగలదన్న సంగతి ఆ వయసుకు పెద్ద విషయం. అందుకే ఇప్పుడు నేను ఖండాల పేర్లతో పాఠం మొదలుపెట్టను. పెట్టెలతో మొదలుపెడతాను.

పెట్టెలు: తెలుగులో తెరవండి, ఇంగ్లీషులో మూయండి

ఒకదాంట్లో ఒకటి పట్టే ఆరు అట్టపెట్టెలు కావాలి. అన్నిటికంటే పెద్దదాని మీద భూమి బొమ్మ, తర్వాత ఖండం, దేశం, ఊరు, బడి, అన్నిటికంటే చిన్నదాని మీద మా గది. లోపల పిల్లల పేర్లు రాసిన చీటీలు. పిల్లలు తమ చీటీ తామే రాయాలి, ఏ లిపిలో రాసినా సరే.

మా తరగతిలో నడిచేవి తెలుగు, ఇంగ్లీషు. మొదటి ఏడాది ఒకే ఆటను రెండు భాషల్లో ఒకేలా ఆడించాను, పిల్లలు తికమకపడ్డారు. కారణం తర్వాత తట్టింది. తెలుగులో చోటు చెప్పేటప్పుడు సహజంగా పెద్దదాని నుంచి చిన్నదానికి వస్తాం: భూమ్మీద, ఈ ఖండంలో, ఈ దేశంలో, ఈ ఊళ్లో, ఈ బడిలో, ఈ గదిలో నేనున్నాను. ఇంగ్లీషు వరుస దీనికి తిరగబడి ఉంటుంది. ముందు నేను, తర్వాత గది, బడి, ఊరు, అలా బయటికి వెళ్తుంది. రెండు భాషలూ రెండు వైపుల నుంచి నడుస్తుంటే చేతులు మాత్రం ఒకే వైపు నడిస్తే పిల్లలకు ఎలా కుదురుతుంది?

అప్పటినుంచి తెలుగు చెప్పే రోజు పెద్దపెట్టె దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే తెరుచుకుంటూ లోపలికి వెళ్తాం. ఇంగ్లీషు రోజు చీటీ చేతిలో పెట్టుకుని ఒక్కొక్క పెట్టె మూసుకుంటూ బయటికి వస్తాం. భాష ఎటు నడిస్తే చెయ్యి కూడా అటే నడుస్తుంది. వారం రోజులు రోజూ పది నిమిషాలు చేస్తే, మాట సరిగ్గా రాని పిల్ల కూడా పెట్టెల వరుస తప్పదు. ఖండాల పేర్లు అప్పటిదాకా ఆగినా నష్టమేమీ లేదు.

ఏ భాష ఎప్పుడు

కొత్తగా రెండు భాషల తరగతి తీసుకున్నవాళ్లు ఎక్కువగా చేసే పని, ప్రతి వాక్యాన్నీ వెంటవెంటనే రెండోసారి రెండో భాషలో చెప్పడం. దయచేసి మానండి. పిల్లలు తెలివైనవాళ్లు. తమకు వచ్చిన భాషలో మళ్లీ వస్తుందని తెలిశాక రానిదాన్ని వినడం మానేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు.

నేను చేసేది ఇది. కొత్త సంగతి సోమవారం పిల్లలకు బాగా వచ్చిన భాషలోనే చెబుతాను. బుధవారం అవే పెట్టెలు, అదే గ్లోబు, అవే ఫోటోలు ముందు పెట్టుకుని రెండో భాషలో మాట్లాడతాను. సంగతి ముందే తెలుసు కాబట్టి వాళ్ల శ్రమంతా మాట మీదే పెట్టొచ్చు. శుక్రవారం వాళ్ల ఇష్టం. ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపేసినా ఆపను. జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త 1979లోనే ఈ మాట చెప్పాడు: ఒక భాషలో గట్టిపడిన జ్ఞానం రెండో భాషకు పనికొస్తుంది, మళ్లీ మొదటినుంచి నేర్వక్కర్లేదు. ఇంటి భాషకు సమయం ఇస్తే రెండో భాష వెనకబడుతుందని తల్లిదండ్రులు టెన్షన్ పడుతుంటారు. వాళ్లను ఒక శుక్రవారం తరగతికి పిలిచి కూర్చోబెడితే చాలు.

మాటను విప్పి చూపించండి

ఈ పాఠంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

ఖండం అంటే ముక్క. పిల్లలకు ముందు ఈ ఒక్క సంగతి చెప్పండి. ఒక పెద్ద కాగితం తెచ్చి వాళ్ల చేతే చింపించండి. "ఇవి ఖండాలు" అనండి. అప్పుడు దేన్నుంచి చిరిగిన ముక్కలు అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే దక్షిణ అమెరికా, ఆఫ్రికా ఆకారాలు మందపాటి అట్ట మీద కత్తిరించి చేతికివ్వండి. దక్షిణ అమెరికా తూర్పు వైపు ఉబ్బు ఆఫ్రికా పడమటి వైపు ఒంపులో కుదరడం చూసి పిల్లలు పెట్టే కేక వినాలి. ఆల్ఫ్రెడ్ వెగెనర్ అనే శాస్త్రవేత్త 1912లో, ఈ ముక్కలన్నీ ఒకప్పుడు ఒకటేనని చెప్పాడు. మెసోసారస్ అనే చిన్న సరీసృపం శిలాజాలు బ్రెజిల్‌లోనూ దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలోనూ దొరికాయి. అంత చిన్న జంతువు మహాసముద్రాన్ని ఈదిందా, నేలే విడిపోయిందా? ఈ ప్రశ్నను పిల్లలకే వదిలేయండి. వాళ్లు వాదించుకుంటారు. ముక్కలు ఇప్పటికీ కదులుతున్నాయనీ, మన గోళ్లు పెరిగేంత నెమ్మదిగా, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతాయనీ చెప్పండి. మర్నాడు అందరూ గోళ్లు చూసుకుంటూ వస్తారు.

ఇంగ్లీషు రోజున కాంటినెంట్ అనే మాటను విప్పండి. లాటిన్‌లో అది తెగకుండా కలిసి ఉన్న నేల అనే అర్థం నుంచి వచ్చింది. అంటే తెలుగు మాట తెగిన ముక్కను చూపిస్తుంటే, ఇంగ్లీషు మాట కలిసి ఉన్న నేలను చూపిస్తోంది. రెండూ నిజమే. ముక్క చుట్టూ వేలు తిప్పితే ఖండం, ముక్క లోపల వేలు జరిపితే కాంటినెంట్. ఇది ఒక భాషే ఉన్న తరగతికి దొరకని సంగతి. మన దగ్గర రెండున్నాయి, వాడుకుందాం.

భూమధ్యరేఖ అనే మాటలోనే దాని అర్థమంతా ఉంది, విడిగా వివరించాల్సిన పని లేదు. ద్వీపకల్పం అంటే ద్వీపం లాంటిది, పూర్తిగా ద్వీపం కానిది. ఇలాంటి చోట తెలుగు మాటే ముందు చెప్పండి, ఇంగ్లీషు మాట దాని వెనక వస్తుంది.

కొన్ని చోట్ల తెలుగే ఇబ్బంది పెడుతుంది. ఒకసారి ఒక పాప, "ఉత్తర అమెరికా అంటే ఉత్తరం వచ్చిన అమెరికానా?" అని అడిగింది. దిక్కుకూ జాబుకూ ఒకే మాట, ఆ పిల్ల తప్పేముంది? ఆ రోజు నుంచి దిక్కులు కూర్చోబెట్టి చెప్పడం మానేశాను. పొద్దున బయటికి తీసుకెళ్లి సూర్యుడు వచ్చిన వైపు నిలబెడతాను. ఎదురుగా తూర్పు, వీపు వెనక పడమర, ఎడమ చెయ్యి ఉత్తరం, కుడి చెయ్యి దక్షిణం. ఒంటితో నేర్చుకున్న దిక్కు మరిచిపోరు.

పేర్ల విషయంలో ఒక చిన్న జాగ్రత్త. పుస్తకంలో ఐరోపా అని ఉంటుంది, ఇంట్లో యూరప్ అని వింటారు. పిల్లలు ఇవి రెండు వేర్వేరు ఖండాలనుకుని ఎనిమిది లెక్కపెట్టడం నేను చూశాను. కార్డు మీద రెండు పేర్లూ పక్కపక్కనే రాయండి. తెలుగులో రాస్తే ఐరోపా తప్ప మిగతా పేర్లన్నీ అ, ఆ అక్షరాలతోనే మొదలవుతాయి, అమెరికాల ముందు ఉత్తర, దక్షిణ తీసేస్తే. ఇంగ్లీషులో ఐతే అవి ఎ అక్షరంతో మొదలై ఎ తోనే ముగుస్తాయి. అక్షరాలు నేర్చుకునే వయసు పిల్లలకు దీన్ని వాళ్లంతట వాళ్లే కనిపెట్టే అవకాశం ఇవ్వండి.

మ్యాపు గురించి నిజం చెప్పండి

గోడ మీది మ్యాపుకంటే ముందు గ్లోబు. ఇందులో నేను రాజీపడను. చాలా తరగతుల్లో కనిపించే మ్యాపు 1569లో మెర్కేటర్ అనే మ్యాపుల నిపుణుడు ఓడ ప్రయాణాల కోసం గీసిన పద్ధతిలోది. అందులో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్‌కు 14 రెట్లు. గ్లోబు మీద పల్చటి కాగితం వేసి రెండిటి ఆకారాలూ గీయించి, కత్తిరించి, ఒకదానిమీద ఒకటి పెట్టించండి. తర్వాత ఒక నారింజ తొక్క వలిచి బల్లమీద చదునుగా పరచమనండి. ఎంత జాగ్రత్తగా నొక్కినా చిరుగుతుంది. గుండ్రటిదాన్ని చదును చేస్తే ఎక్కడో అక్కడ సాగదీయాల్సిందేనని ఐదేళ్లవాళ్లకైనా అర్థమవుతుంది. గోడకు మ్యాపు కావాలంటే విస్తీర్ణాలు సరిగ్గా చూపించేది వెతకండి. 2018లో వచ్చిన ఈక్వల్ ఎర్త్ అనే పద్ధతి మ్యాపు అలాంటిదే.

పైన, కింద అనే మాటలు గ్లోబు దగ్గర వాడకండి. ఆస్ట్రేలియావాళ్లు కింద ఉంటే జారిపోరా అన్న భయం పిల్లల్లో నిజంగానే ఉంటుంది. 1972లో అపోలో 17 వ్యోమగాములు తీసిన భూమి ఫోటో చూపించండి. అసలు ఫోటోలో దక్షిణం పైవైపు ఉంది, మనం చూసే ప్రతుల్లో తిప్పి ముద్రించారు. దాన్ని నాలుగు వైపులా తిప్పి గోడకు అంటించండి.

గాలి నింపే గ్లోబు బంతి ఉంటే ఒకరికొకరు విసురుకోమని, పట్టుకున్నప్పుడు కుడిచేతి చూపుడువేలు నీళ్లమీద పడిందో నేలమీద పడిందో లెక్కపెట్టమనండి. చాలాసార్లు ఆడితే పదిలో ఏడు దాకా నీళ్లే వస్తాయి. రంగుల విషయంలో మాంటిస్సోరి బడుల పద్ధతి తీసుకోవచ్చు: ఆసియా పసుపు, ఆఫ్రికా ఆకుపచ్చ, ఐరోపా ఎరుపు, అలా. ఏ రంగైనా పరవాలేదు, ఏడాదంతా ఒకటే ఉంటే చాలు.

ఖండాలు ఎన్ని అన్నదానికి కూడా నిజమే చెప్పాలి. స్పానిష్‌లో మొదటి తరగతి చదివి మా దగ్గరికి వచ్చిన ఒక పాప ఆరే అంది, మిగతావాళ్లు తప్పన్నారు. తప్పు కాదు. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల రెండు అమెరికాలనూ ఒకటిగా లెక్కిస్తారు. ఒలింపిక్ జెండా మీద వలయాలు ఐదే. ఇస్తాంబుల్ నగరం కొంత ఐరోపాలో, కొంత ఆసియాలో ఉంటుంది. గీతలు మనుషులు గీసుకున్నవనీ, చోటును బట్టి లెక్క మారుతుందనీ ఆ రోజు అందరికీ చెప్పాను. ఆ పాప మర్నాడు తనంతట తనే చెయ్యెత్తింది, చేరాక అదే మొదటిసారి.

సంస్కృతి అంటే వేషం కాదు

ఒక ఏడాది ఖండాల రోజు చేశాను. ఏడు బల్లలు, ఏడు జెండాలు, ఒక్కో ఖండానికి ఒక వేషం, ఒక పలకరింపు. తల్లిదండ్రులు ఫోటోలు తీసుకున్నారు. వారం తర్వాత ఒక పిల్ల నిజాయితీగా అడిగింది: "ఆఫ్రికావాళ్లకు ఇళ్లు ఉండవా టీచర్?" మా బల్లమీద సింహాలూ అడవీ డప్పులే ఉన్నాయి. ఆ పిల్లకు ఆ ఆలోచన ఇచ్చింది నేనే. దాన్ని సరిచేయడానికి చాలా నెలలు పట్టింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఖండానికి సంస్కృతి ఉండదు, మనుషులకు ఉంటుంది. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి. ఇంకోవైపు, ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న పాపువా న్యూ గినీ అనే ఒక్క దేశంలోనే 800కు పైగా భాషలు మాట్లాడతారు. కాబట్టి "ఆఫ్రికాలో ఇలా చేస్తారు" అనే వాక్యం మా తరగతిలో ఎవరూ వాడరు, నాతో సహా. కెన్యాలో, నైరోబీలో, ఒక ఇంట్లో అంటాం. నైరోబీకి రెండు ఫోటోలు ఎప్పుడూ కలిపే చూపిస్తాను: ఎత్తైన భవనాలున్న వీధి ఒకటి, నగరాన్ని ఆనుకునే ఉన్న జాతీయ పార్కు ఒకటి. ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఉండే ఇనుయిట్ ప్రజల గురించి చెప్పినప్పుడు మంచు గుడిసె బొమ్మతో ఆపేయకండి. వాళ్ల భాషలో ఇగ్లూ అంటే ఇల్లు, ఏ ఇల్లైనా. మంచుతో కట్టినవి వేట ప్రయాణాల్లో, చలికాలంలో ఉండటానికి. ఇవాళ్టి వాళ్ల ఇంటి ఫోటో పక్కన పెట్టండి.

ప్రతి పాఠానికీ ఒక ప్రశ్న పెట్టుకుంటాం, అదీ పిల్లల బతుకులోంచే: అక్కడి పిల్లలు బడికి ఎలా వెళ్తారు, పన్ను ఊడితే ఏం చేస్తారు, నిద్రపుచ్చేటప్పుడు ఎవరు పాడతారు? ముందు మా గదిలో ఉన్నవాళ్లందరి జవాబులు వింటాం. ఒక్క గదిలోనే నాలుగు రకాల జవాబులు వచ్చాక, ఒక దేశమంతా ఒకేలా ఉంటుందని ఎవరూ అనుకోరు.

మూడో భాష ఇంట్లో మాట్లాడే పిల్లలు ఉంటే సంతోషమే. కానీ ఆ పిల్లను లేపి "మీ దేశంలో ఏం చేస్తారో చెప్పు" అనకండి. ఆరేళ్ల పిల్ల దేశమంతటి తరఫునా మాట్లాడలేదు. మా దగ్గర నియమం ఒకటే: "మా ఇంట్లో" అని మొదలుపెట్టాలి. వాళ్ల నానమ్మో తాతయ్యో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టి ఫోన్‌లో రికార్డు చేసి పంపితే అందరం కలిసి పలుకుతాం. చెప్పడానికి ఇష్టపడని పిల్లను బలవంతం చేయం.

మాటే అక్కర్లేని పాఠం ఒకటి ఉంది, దారం. రెండు చేతుల వేళ్లకు దారం చుట్టి బొమ్మలు చేసే ఆట మనుషులు స్థిరపడిన ఖండాలన్నిటిలోనూ ఉంది. న్యూజిలాండ్ మావోరీలు దాన్ని ఫాయ్ అంటారు. ఇనుయిట్‌లు ఆడతారు, అమెరికాలోని నవాహో ప్రజలు ఆడతారు. నవాహో సంప్రదాయంలో ఈ ఆట చలికాలంలోనే, సాలీళ్లు నిద్రపోయే కాలంలోనే ఆడాలి. అందుకని మేమూ వాళ్ల బొమ్మలు చలికాలం దాకా ముట్టుకోం. ఎందుకు ఆగాలని పిల్లలు అడుగుతారు. ఆట వాళ్లది, నియమం కూడా వాళ్లదే అని చెబుతాను. ఇంకొకరిది మన చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఎలా పట్టుకోవాలో ఆ ఆగడంలో తెలుస్తుంది.

మాటల ప్రయాణాలు కూడా ఇలాంటివే. మనం టీ అంటాం, చాయ్ అని కూడా అంటాం. రెండూ చైనాలోని వేర్వేరు ప్రాంతాల పలుకుబడుల నుంచి బయల్దేరి వేర్వేరు దారుల్లో ప్రపంచమంతా తిరిగాయి. సఫారీ తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ భాష నుంచి వచ్చింది, అక్కడ దానికి ప్రయాణం అని అర్థం. మాట పుట్టిన చోటు నుంచి మన చోటుకు మ్యాపు మీద దారం కట్టిస్తాను. కంగారూ దగ్గర పిల్లలు ఆగిపోతారు, ఎందుకంటే తెలుగులో కంగారు ముందే ఉంది. రెండిటికీ సంబంధం లేదు. జంతువు పేరు ఈశాన్య ఆస్ట్రేలియాలోని గూగు యిమిథిర్ భాషలోది, 1770లో కెప్టెన్ కుక్ ఓడవాళ్లు విని రాసుకున్నారు. దానికి "నాకు తెలియదు" అని అర్థమని ఒక కథ తిరుగుతుంటుంది, అది నిజం కాదు. అక్కడివాళ్లు తమ భాషలో ఆ జంతువు పేరే చెప్పారు.

అంటార్కిటికాకు సంస్కృతి బల్ల ఏం పెట్టాలని చాలామంది టీచర్లు అడుగుతారు. అక్కడ శాశ్వతంగా ఉండే జనం లేరు, శాస్త్రవేత్తలు వచ్చి వెళ్తుంటారు. 1959లో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడ సైనిక స్థావరాలు పెట్టకూడదు. పిల్లలకు నచ్చేది ఇంకొకటి: 1978లో ఎమీలియో పాల్మా అనే బాబు అక్కడి ఎస్పెరాంజా స్థావరంలో పుట్టాడు, ఆ ఖండంలో పుట్టిన మొదటి మనిషిగా అతని పేరే నమోదైంది. పెంగ్విన్‌ల పక్కన ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ మాత్రం పెట్టకండి. ఆ ఎలుగులు ఉండేది ఉత్తర ధ్రువం వైపు.

నేర్చుకున్నారో లేదో చూడటం

పేర్లు అప్పజెప్పించను. సంవత్సరం చివర ప్రతి పిల్లకూ రెండు కవర్లు ఇస్తాను, తమకు తాము ఉత్తరం రాసుకోమని. (ఉత్తరానికి రెండో అర్థం అప్పుడు బాగా పనికొస్తుంది.) ఒక కవరు మీద చిరునామా తెలుగులో, భూమి నుంచి మొదలుపెట్టి తమ పేరు దాకా. రెండోదాని మీద ఇంగ్లీషులో, తమ పేరు నుంచి మొదలుపెట్టి భూమి దాకా. స్పెల్లింగు చూడను. రాయలేనివాళ్లు బొమ్మ వేసినా, నోటితో చెప్పినా సరే. ఖండం దేశానికి బయట ఉందా, ఊరు దేశానికి లోపల ఉందా, అదొక్కటే చూస్తాను. వరుస తప్పితే ఎర్ర పెన్ను తీయను. అటక మీది ఆరు పెట్టెలూ దించి ఆ పిల్ల ముందు పెట్టి, పక్కన కూర్చుంటాను.